గుర్తింపు పొందిన కష్టం

పెదరేవుపాలెం పశువుల ఆసుపత్రి తలుపు తెరుచుకోవడం లేదు. ఇంత చిన్న మాట పైవాళ్ళకి చెప్పడానికి ఎంత పెద్ద ఏర్పాటు కావాలో తెలియని అమాయకులు లోకంలో చాలామంది ఉన్నారు. ఆ ఆసుపత్రిలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న చింతా భీమశంకరం కూడా మొదట్లో అలాంటివాడే.

తలుపంటే అల్లాటప్పా తలుపు కాదు. గేదె కొమ్ములు తగలకుండా నడిచివెళ్ళేంత వెడల్పున్న రెండు రెక్కల తలుపు. కాలువ పక్క నేల కావడంతో ఒక వానాకాలం గోడ ఓవైపు కుంగింది, చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది, రెండూ కూడబలుక్కుని తలుపుని ద్వారబంధంలో బిగించేశాయి. లోపల పశువుని కదలకుండా నిలబెట్టే ఇనప చట్రం ఉంది, గచ్చు నేల ఉంది, దీపాలున్నాయి. పశువులు మాత్రం బయట ఉన్నాయి. సిబ్బంది పక్క కిటికీకి ఊచలు పీకేసి, కింద ఒక స్టూలు వేసుకుని రాకపోకలు సాగిస్తున్నారు. కడప నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన డాక్టర్ హైమవతి మందుల పెట్టె కిటికీలోంచి అందుకుని, ఆవరణలో కొబ్బరిచెట్టుకి పశువుని కట్టించి వైద్యం చేస్తోంది. గేదెలు కిటికీలోంచి రాలేవని ఎవరికైనా వేరే చెప్పాలా అనుకుంటాం గాని, శాఖకి అది కూడా చెప్పాల్సి వచ్చింది.

వడ్రంగిని పిలిచి కాస్త చిత్రిక పట్టిస్తే సరిపోయే పని. కాని ప్రభుత్వ తలుపు మీద ప్రైవేటు చిత్రిక ఆడాలంటే అనుమతి ఉండాలి. అందుకని భీమశంకరం జిల్లా కార్యాలయానికి తెలుగులో నాలుగు ముక్కలు రాసి పంపాడు. తలుపు తెరుచుకోవడం లేదు, వడ్రంగిని పెట్టుకోనివ్వండి అని. ఆ కాగితం వెళ్ళినంత వేగంగానే తిరిగి వచ్చింది. దాని మీద ఇలా ఉంది:

“మీరు తెలియజేసిన కష్టము ఈ కార్యాలయమునకు అందినది. అయితే సదరు కష్టము తగిన స్థాయిలో వ్యక్తీకరింపబడి ఉండనందున తిప్పి పంపడమైనది. జతపరచిన మార్గదర్శికను చూడుడు.”

ఆ మార్గదర్శిక వెనక పెద్ద కథే ఉంది. శాఖకి కొత్తగా వచ్చిన కమిషనరు గారు ఏదో శిక్షణకి వెళ్ళొచ్చి ఒక సత్యం కనిపెట్టారు. కింది కార్యాలయాలు కష్టం చెప్పుకునే తీరు వల్ల శాఖ పరువు పోతోంది. ‘నీళ్ళు లేవు, మందులు లేవు, కప్పు కారుతోంది’ అని రాస్తే, చదివినవాడికి శాఖలో నీళ్ళు, మందులు, కప్పు లేవేమోననిపిస్తుంది. అదే సంగతి గంభీరమైన ఇంగ్లీషులో రాస్తే శాఖలో ఏదో గొప్ప కార్యం జరుగుతోందనిపిస్తుంది. కనుక ఇకమీదట ఏ కార్యాలయమూ కష్టాన్ని ఉన్నదున్నట్టు చెప్పరాదు. స్థాయి ప్రకారం చెప్పాలి.

స్థాయిలు కూడా ఆయనే ఏర్పరిచారు. అన్నిటికన్నా అడుగున ‘ఇన్‌కన్వీనియెన్సు’. దాన్ని సిబ్బంది తమలో తామే ఓర్చుకోవాలి. ఆ పైది ‘హార్డ్‌షిప్పు’, దానికి జిల్లా కార్యాలయం సానుభూతి తెలుపుతుంది. ‘ఇంపెడిమెంటు’ అయితే జాయింట్ డైరెక్టరు గారు స్వయంగా వచ్చి చూసి వెళతారు. ఇక శిఖరాన ‘ఫార్మిడబుల్ ఛాలెంజి’. దాన్ని రాజధానిలో గుర్తిస్తారు. ఏ స్థాయికి వస్తే బాగుచేస్తారన్నది మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు. అచ్చులో ఎక్కడో జారిపోయి ఉంటుందిలే అనుకున్నాడు భీమశంకరం.

పైగా అతనికి లోలోపల సంతోషంగానే ఉంది. ఇంగ్లీషంటే అతనికి ప్రాణం. ఊళ్ళో ఎవరికి అర్జీ కావాలన్నా అతనే రాసిపెట్టేవాడు. ఒకాయన తండ్రి పోయినప్పుడు భీమశంకరం రాసిచ్చిన సెలవు చీటీ ఎంత బాగా కుదిరిందంటే, ఆయన పై అధికారి దాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించుకున్నాడు. సెలవు మాత్రం ఇవ్వలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో తన చేతికి తగ్గ పని ఇప్పటికి దొరికిందని భీమశంకరం ఆ సాయంత్రం కాగితాలు ఇంటికి తెచ్చుకుని పెరట్లో కుర్చీ వేసుకున్నాడు.

పెరట్లో అతని భార్య మంగతాయారు గేదెకి కుడితి పెడుతోంది. ఆ గేదె పేరు నల్లపూస. దూడగా ఉన్నప్పుడే తల్లి చచ్చిపోతే మంగతాయారు సీసాతో పాలు పట్టి పెంచింది. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో ముద్దూ, మురిపెం, అలకా, తిట్లూ అన్నీ నల్లపూసవే. ఇప్పుడు అది చూడిది.

“తలుపు రావట్లేదని రాయడానికి ఇంతసేపేంటండీ?” అంది మంగతాయారు.

“రావట్లేదని రాయకూడదు తాయారూ. అలా రాస్తే తప్పు తలుపుదవుతుంది.”

“మరి ఎవరిది?”

“ఎవరిదీ కాకుండా రాయాలి. ఇంగ్లీషు గొప్పతనం అదే.”

కాసేపటికి వాక్యం కుదిరింది. భీమశంకరం లేచి నిలబడి, నల్లపూస కూడా తలెత్తేంత గొంతుతో చదివాడు. “ది సెడ్ డోర్ హేజ్ బీన్ పోజింగ్ ఎ ఫార్మిడబుల్ ఛాలెంజ్ టు ది స్మూత్ ఇన్‌గ్రెస్ అండ్ ఈగ్రెస్ ఆఫ్ ది బొవైన్ పబ్లిక్.”

“అంటే?”

“సదరు తలుపు, పశు ప్రజానీకము యొక్క సాఫీ రాకపోకలకు మహత్తరమైన సవాలుగా పరిణమించి ఉన్నదీ అని.”

“తలుపు రావట్లేదనేగా?”

“అదేగాని, అదొక్కటే కాదు.”

మంగతాయారు చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. “మీ ఇంగ్లీషు నాకు తెలవదండి. పోయిన ఈతలో దూడ అడ్డం తిరిగి దీని ప్రాణం మీదకొచ్చింది, దూడ దక్కలేదు. ఈసారి ఏదన్నా అయితే ఆసుపత్రి చట్రంలో నిలబెట్టాల్సిందేనని డాక్టరమ్మగారు మొన్ననే చెప్పేశారు. ఇది ఈనే టయానికి ఆ తలుపు తెరిపించండి. ఇంకేం అడగను మిమ్మల్ని.”

“ఈ వాక్యం వెళ్ళాక తెరుచుకోక ఏం చేస్తుంది?” అన్నాడు భీమశంకరం. నిజంగానే నమ్మి అన్నాడు.

వాక్యం వెళ్ళింది. జిల్లా కార్యాలయంలో దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదువుకున్నారట. రాజధానిలో కమిషనరు గారు ‘బొవైన్ పబ్లిక్’ దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారట. వారం తిరక్కుండా జాయింట్ డైరెక్టరు సదానందం గారు జీపులో దిగారు.

సదానందం గారు భారీ మనిషి. స్టూలు మీద ఒకరు, కిటికీ లోపల ఇద్దరు సాయం పట్టగా ఆసుపత్రిలోకి ప్రవేశించి, తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. దాన్ని పైనుంచి కిందిదాకా చూశారు.

“భీమశంకరం గారూ, నా సర్వీసులో నేను చాలా తలుపులు చూశాను. ఇంత పరిణతితో వ్యక్తమైన తలుపుని చూడటం ఇదే ప్రథమం” అన్నారు చివరికి.

“తమ దయ సార్” అన్నాడు భీమశంకరం. చెవులు ఎర్రబడ్డాయి.

డాక్టర్ హైమవతి మధ్యలో కల్పించుకుంది. “సార్, వడ్రంగిని పిలిపిస్తే సాయంత్రానికల్లా తెరుచుకుంటాది. నేను వాన్తో మాట్లాడి పెట్టినాను.”

సదానందం గారు ఆమె వైపు వాత్సల్యంగా చూశారు. “డాక్టరు గారూ, మీరు వయసులో చిన్నవారు. ఉన్నత స్థాయిలో పరిశీలనలో ఉన్న ఒక కష్టాన్ని క్షేత్రస్థాయిలో పరిష్కరించడమంటే, కమిషనరు గారు మాట్లాడుతుండగా మనం లేచి వెళ్ళిపోవడంతో సమానం. శాఖాపరంగా అది సభ్యత కాదు.”

ఆ నెలలోనే తలుపుకి గుర్తింపు వచ్చింది. దానికి అడ్డంగా ఒక గొలుసు, గొలుసుకి ఒక బోర్డు అమర్చారు. ‘గుర్తింపు పొందిన కష్టము. ముట్టుకొనరాదు’ అని దాని మీద తెల్లక్షరాలు. వడ్రంగి పాపం ఎవరూ పిలవకపోయినా సామాను సంచితో వచ్చి, బోర్డు చదువుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. కుంటుతున్న ఎద్దుని తోలుకొచ్చిన గనిరాజు అనే రైతు భీమశంకరాన్ని పట్టుకున్నాడు.

“తలుపెప్పుడు తెరుత్తారండి బాబుగారూ?”

“మన తలుపు సంగతి ఇప్పుడు రాజధానిలో అందరికీ తెలుసు గనిరాజూ.”

“ఆయ్, సంతోషమండి. మా ఎద్దు సంగతి కూడా ఓ ముక్క చెప్పండి. కుంటుతోంది.”

భీమశంకరానికి సూపరింటెండెంటు పోస్టు ఖాయమని సదానందం గారు ఫోనులో సూచనప్రాయంగా చెప్పారు. చిన్న షరతు ఉంది. వార్షిక సమీక్ష పూర్తయ్యేదాకా సదరు కష్టం యథాతథంగా ఉండాలి. అంతవరకు జిల్లాలోని మిగతా ఆసుపత్రులకి కష్టాలు రాయడంలో అతను మార్గదర్శనం చేయాలి. భీమశంకరం కొత్త చొక్కాలు కుట్టించుకుని ఊళ్ళ మీద పడ్డాడు.

ఆ రోజుల్లో అతను చూసిన వింతలు అన్నీ ఇన్నీ కావు. ఒక ఊళ్ళో కప్పు కారుతుంటే, కింద పెట్టిన బకెట్ల వరసకి ఫోటో తీయించి ‘హార్డ్‌షిప్పు’ నుంచి ‘ఇంపెడిమెంటు’కి ఎక్కించమని ప్రాధేయపడ్డారు. పక్క మండలం వాళ్ళకి మాత్రం నిజంగా ఆపద వచ్చి పడింది. అక్కడి ముసలి డాక్టరు గారు అమాయకంగా ‘మాకు ఏ కష్టమూ లేదు’ అని రాసిపంపారు. వెంటనే మెమో వచ్చింది. ‘కష్టము లేని కార్యాలయము యొక్క ఆవశ్యకతను సమర్థించుడు’ అని. ఆసుపత్రి ఎత్తేస్తారేమోనని సిబ్బంది వణికిపోయి భీమశంకరానికి కబురు పెట్టారు.

భీమశంకరం వెళ్ళి అంతా తిరిగి చూశాడు. గోడలు నిటారుగా ఉన్నాయి. పంపు తిప్పితే నీళ్ళొచ్చాయి. అలమారాలో మందులు కూడా ఉన్నాయి. అతనికి వాళ్ళ మీద నిజంగా జాలేసింది.

“ఏదో ఒకటి చూడండి బాబూ, మా పిల్లలు ఇక్కడ బళ్ళో చదువుతున్నారు” అని కాంపౌండరు చేతులు పట్టుకున్నాడు.

చివరికి పై గదిలో ఒక ఫ్యాను కిర్రుమంటూ కనిపించింది. భీమశంకరం దాని కింద కూర్చుని, ‘ప్రొలాంగ్డ్ అకూస్టిక్ హార్డ్‌షిప్పు’ అని రాసిచ్చాడు. ఆసుపత్రి దక్కింది. ఆ ఫ్యానుకి ఎవరూ పొరపాటున నూనె వెయ్యకుండా చూడటానికి ఒక అటెండరుని నియమించారని తర్వాత తెలిసింది.

తిరిగి వచ్చిన రోజు పెదరేవుపాలెంలో వాన. ఆవరణలో ఒక రైతు గొడుగు పట్టుకుంటే డాక్టర్ హైమవతి మోకాళ్ళ దాకా బురదలో నిలబడి ఆవుకి సూది వేస్తోంది. భీమశంకరాన్ని చూసి పలకరించింది.

“మీరు రాసిన వాక్యం ఇంకోసారి చదివినాను భీమశంకరం గారూ. చానా బాగుంది. చదివినాక నాకే తలుపు తెరవబుద్ధి కాలేదు.”

ఆ రోజంతా భీమశంకరం దాన్ని మెప్పనే అనుకున్నాడు. సాయంత్రం కాఫీ తాగుతుంటే మాత్రం ఎక్కడో కలుక్కుమంది. మంగతాయారు రోజూ అడిగే ప్రశ్న ఆ రోజూ అడిగింది. తెరిచారా అని. సమీక్ష అయిపోతే తెరుస్తారు, పోస్టు కూడా వస్తుంది, కాస్త ఓపిక పట్టమన్నాడు. “ఓపిక నాకెందుకండి, నల్లపూసకి చెప్పండి” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

నల్లపూస ఓపిక పట్టలేదు. సమీక్ష జరుగుతున్న రోజునే దానికి నొప్పులు మొదలయ్యాయి. వాన ఆగకుండా పడుతోంది, కాలువ పొంగి వాళ్ళ పశువుల పాకలోకి నీళ్ళొచ్చాయి. మధ్యాహ్నానికి మంగతాయారు, గనిరాజు, ఇంకో ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు కలిసి నల్లపూసని అడుగులో అడుగు వేయిస్తూ ఆసుపత్రి ఆవరణకి తీసుకొచ్చారు. దాని కళ్ళు తేలిపోతున్నాయి. ప్రతి నాలుగడుగులకీ ఆగి మూలుగుతోంది.

డాక్టర్ హైమవతి ఆ వానలోనే చెయ్యి పెట్టి పరీక్ష చేసింది. మొహం గంభీరమైంది.

“దూడ తల వెనక్కి తిరిగింది. లోపలికి చెయ్యి పెట్టి సరిచెయ్యాల. ఈ బురదలో ఇది జారి కూలబడిందంటే తల్లీ దక్కదు, దూడా దక్కదు. చట్రంలో నిలబెడితేనే పని.” అని తలుపు వైపు చూసింది. అందరూ తలుపు వైపు చూశారు. గొలుసు, బోర్డు వానకి తడిసి మెరుస్తున్నాయి.

భీమశంకరం ఫోను తీసి సదానందం గారికి చేశాడు. అటువైపు సమీక్ష సందడి వినిపిస్తోంది.

“సార్, ఎ సిచ్యుయేషన్ హేజ్ అరైజెన్...” అని మొదలుపెట్టాడు. తర్వాతి మాట కోసం తడుముకున్నాడు. ఎప్పుడు పిలిచినా పరిగెత్తుకొచ్చే మాటలు ఒక్కటీ రాలేదు. ఎదురుగా మంగతాయారు నల్లపూస నుదుటికి తన నుదురు ఆనించి, దాని చెవిలో ఏదో చెబుతూ ఏడుస్తోంది. “సార్, మా గేదె చచ్చిపోయేలా ఉందండి. తలుపు పగలగొట్టుకోనివ్వండి” అన్నాడు.

అటువైపు నుంచి సదానందం గారి గొంతు అనుమానంగా పలికింది.

“మాట్లాడుతున్నది భీమశంకరం గారేనా?”

“నేనేనండి.”

“మీ నోటి వెంట ఇలాంటి భాష వస్తుందనుకోలేదు. సరే, ఇది ఏ స్థాయి కిందికి వస్తుందో చెప్పండి. స్థాయి నిర్ణయం కానిదే శాఖాపరంగా నేను విన్నట్టు కాదు.”

“స్థాయి నాకు తెలీట్లేదండి.”

“పోనీ, తాత్కాలికంగా ఇన్‌కన్వీనియెన్సు అనుకుందామా?”

“అలాగైతే ఓర్చుకోవాలి కదండి.”

“ఓర్చుకోవాలి.”

భీమశంకరం ఫోను పెట్టేశాడు. పై అధికారి మాట్లాడుతుండగా ఫోను పెట్టేయడం అతని సర్వీసులో అదే మొదలు. ఆ సంగతి అప్పుడు అతనికి తట్టనే లేదు. గొలుసు పట్టుకుని గుంజితే బోర్డుతో సహా ఊడి వచ్చింది. “గునపం తే గనిరాజూ” అన్నాడు.

గునపం ద్వారబంధంలో దూర్చి అతనూ, గనిరాజూ బలంగా ఎత్తారు. మిగతా ఇద్దరూ భుజాలు ఆనించి నెట్టారు. కొత్త చొక్కా చంక దగ్గర బర్రున చిరిగింది. మంగతాయారు కూడా వచ్చి ఒక చెయ్యి వేసింది. ఇన్నాళ్ళూ రాజధానిని ఉర్రూతలూగించిన ఆ మహత్తర సవాలు రెండు ఊపులకి కిర్రుమని కదిలి, మూడో ఊపుకి ఒక రెక్క ఊడి గచ్చు మీద పడింది. నల్లపూస కొమ్ములు ఎక్కడా తగలకుండా లోపలికి నడిచివెళ్ళింది.

ఆ తర్వాత డాక్టర్ హైమవతి భుజం దాకా చెయ్యి పెట్టి పడ్డ కష్టం ఆమెకి తెలియాలి, నల్లపూసకి తెలియాలి. దూడ తల ముందుకి తిరిగింది. కాళ్ళు బయటికొచ్చాయి. గనిరాజు పట్టి లాగాడు. తెల్లటి నుదుటిమచ్చతో పెయ్యదూడ జారిపడి, కాసేపు ఊపిరి తీసుకోకుండా అందర్నీ హడలగొట్టి, తుమ్మింది. నల్లపూస తల తిప్పి దాన్ని నాకడం మొదలుపెట్టింది. మంగతాయారు గచ్చు మీద కూలబడి నవ్వుతూ ఏడ్చింది.

భీమశంకరం ఒక మూల గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తనకెంతో ముద్దొచ్చిన తన వాక్యమే ఇన్నాళ్ళూ ఆ తలుపుకి అడ్డంగా నిలబడిందని అతనికి అర్థమైంది. సిగ్గేసింది. అందరూ దూడని చూస్తున్నారు కదా అని చిరిగిన చొక్కాతో కళ్ళు తుడుచుకున్నాడు.

మెమో రానే వచ్చింది. ‘గుర్తింపు పొందిన కష్టమును ముందస్తు అనుమతి లేకుండా నిర్మూలించిన కారణమున మీపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇచ్చుకొనుడు’ అని. భీమశంకరం ఒకే ఒక్క ముక్క రాసి పంపాడు. ‘అయ్యా, తలుపు తెరుచుకుంది.’

అది మామూలుగానే తిరిగి వచ్చింది. తగిన స్థాయిలో, మార్గదర్శికలోని ఇంగ్లీషులో పంపమన్నారు. భీమశంకరం మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా వెతికాడు. కష్టం వచ్చిందని చెప్పడానికి, ఉందని చెప్పడానికి, పెరిగిందని చెప్పడానికి, కొనసాగుతోందని చెప్పడానికి, ఇతర కష్టాలకి ఆదర్శంగా నిలిచిందని చెప్పడానికి కూడా మాటలున్నాయి. పోయిందని చెప్పడానికి ఒక్క మాట లేదు. అదే సంగతి జిల్లా కార్యాలయానికి రాశాడు. వాళ్ళు వెతికి, కంగారుపడి రాజధానికి రాశారు. కష్టం పోవచ్చునన్న ఆలోచన అప్పటిదాకా ఎవరికీ రానందుకు కమిషనరు గారు ఆశ్చర్యపోయి, తగిన పదజాలాన్ని రూపొందించడానికి ఒక సంఘాన్ని వేశారు. ఆ సంఘం పని తేలేదాకా పాటించవలసిన ఉత్తర్వు కూడా పంపారు. ‘తదుపరి ఉత్తర్వుల వరకు సదరు తలుపు మూసి ఉన్నట్లే పరిగణింపబడును.’

ఇంకా మూసే ఉన్న తలుపుని పగలగొట్టినందుకు ఎవరి మీదా చర్య తీసుకోవడానికి వీల్లేదు కనుక భీమశంకరం ఉద్యోగం నిలబడింది. సూపరింటెండెంటు పోస్టు మాత్రం ఆ ఫైలుతో పాటే ఎక్కడో ఆగిపోయింది. వడ్రంగి వచ్చి రెండు రెక్కలూ చిత్రిక పట్టి బిగించాడు. ఇప్పుడవి చిటికెనవేలితో తోస్తే తెరుచుకుంటున్నాయి. ఊళ్ళో పశువులన్నీ, కాగితాల ప్రకారం మూసి ఉన్న ఆ తలుపులోంచి వస్తూ పోతూ ఉన్నాయి. భీమశంకరం ఇప్పుడు అర్జీలు తెలుగులోనే రాసిస్తున్నాడు. పొట్టిగా ఉంటున్నాయని కొందరు చిన్నబుచ్చుకున్నారు.

కొన్నాళ్ళకి సదానందం గారు తనిఖీకి వచ్చారు. ఆ ఉదయం ఆసుపత్రి కిటకిటలాడుతోంది. మంగతాయారు కూడా పెయ్యదూడకి కడుపులో నట్టలు పోయే మందు పట్టించడానికి దాన్ని తీసుకుని వచ్చి వరసలో నిలబడింది. సదానందం గారు జీపు దిగి, బార్లా తెరిచి ఉన్న తలుపుని చూశారు. చేతిలో ఉన్న ఫైలు చూశారు. మళ్ళీ తలుపుని చూశారు.

“రండి సార్, లోపలికి రండి” అన్నాడు భీమశంకరం.

“ఎలా వస్తానండీ? మూసి ఉంది కదా” అన్నారు సదానందం గారు. హాస్యానికి అనలేదు. స్టూలు తెప్పించుకుని, ఎవరి సాయమూ వద్దని, కిటికీ ఎక్కారు.

తల వెళ్ళింది, భుజాలు వెళ్ళాయి. ఈమధ్య సమీక్షల్లో పెడుతున్న జీడిపప్పు ప్రభావమో ఏమో, నడుము దగ్గర ఆగిపోయారు. కాలు తగిలి స్టూలు పడిపోయింది. తల ఆసుపత్రిలో, కాళ్ళు ఆవరణలో.

“డాక్టరు గారూ, నా ప్రవేశ ప్రక్రియలో ఒక స్వల్ప ఇంపెడిమెంటు తలెత్తినట్లుగా గమనించగలరు” అన్న మాట లోపలి నుంచి వినిపించింది. డాక్టర్ హైమవతి ఆవు నోట్లో గొట్టం పెట్టి ఉంది. తల తిప్పే వీల్లేదు. వరసలోని రైతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంపెడిమెంటుకి వచ్చి చూడాల్సిన అధికారి ఆయనే. ఆయన అప్పటికే వచ్చి ఉన్నారు.

కాళ్ళు కాసేపు గాలిలో కొట్టుకున్నాయి. ఆ తర్వాత గొంతు మారింది.

“ఇరుక్కుపోయానయ్యా. ఊపిరాడట్లేదు. లాగండి.”

“ఏ స్థాయో కనుక్కోండి” అంది మంగతాయారు, మొగుడి పక్కన నిలబడి నెమ్మదిగా.

భీమశంకరం కనుక్కోలేదు. పరిగెత్తుకెళ్ళి రెండు కాళ్ళూ పట్టుకుని, గనిరాజుని నడుము దగ్గర పట్టమని, జాగ్రత్తగా వెనక్కి లాగాడు. కింద నిలబెట్టి, బట్టలకంటిన సున్నం దులిపి, మంచినీళ్ళు తాగించాడు. సదానందం గారు కాసేపు రొప్పుతూ నిలబడ్డారు. ఫైలు కిటికీ అవతల ఎక్కడో పడిపోయింది.

భీమశంకరం ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వరసలో ముందున్న గేదె అప్పుడే తలుపులోంచి లోపలికి వెళుతోంది. జాయింట్ డైరెక్టరు గారు దాని వెనకాలే నడిచారు.